స్నేహం చేసేది సువార్త కోసమేనా?

ఆవగింజ
అందరికీ వందనాలు. మా సంఘంలో వ్యక్తిగత సువార్త మీద శిక్షణ మొదలుపెట్టారు. ప్రతి విశ్వాసీ తనకు తెలిసినవాళ్లలో ఇంకా ప్రభువును ఎరగని కొందరి పేర్లు రాసుకోవాలి. వాళ్ల కోసం రోజూ ప్రార్థించాలి, స్నేహం పెంచుకోవాలి, సమయం చూసి సువార్త చెప్పాలి. నెలాఖరుకు ఎవరి విషయం ఎంతవరకు వచ్చిందో గ్రూపు లీడరుకు చెప్పాలి.

ప్రార్థన వరకు నాకే ఇబ్బందీ లేదు. నేను రాసిన పేర్లలో ఒకావిడ నాకు ఎప్పటినుంచో స్నేహితురాలు. ఆవిడ పేరు ఆ కాగితం మీదికి ఎక్కినప్పటి నుంచి ఆవిడతో మాట్లాడడమే తేడాగా ఉంది. ఆవిడ తన కూతురి చదువు గురించి ఏదో చెబుతుంటే, నాలో "ఇప్పుడు చెప్పాలా, ఇంకాసేపు ఆగాలా" అని లెక్క నడుస్తోంది. సగం మాటలు చెవిన పడట్లేదు.

సువార్తకు స్నేహమే పునాది అంటున్నారు. పైన కట్టబోయే ఇంటి కోసమే పునాది వేస్తారు కదా, ఇల్లు లేవకపోతే దాన్ని గడ్డి మొలవడానికి వదిలేస్తారు. స్నేహం కూడా అంతేనా? పెద్దలు చెప్పండి.

రోడ్డు_సాక్షి
సిస్టర్, మీ మనసు మంచిదే కానీ ఈ ఆలోచన ఎక్కువైతే నోరు పెగలదు. నేను బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో కరపత్రాలు పంచుతాను. "ముందు స్నేహం, తర్వాత సువార్త" అనేవాళ్లను చాలామందిని చూశాను. ఏళ్లు గడుస్తాయి, స్నేహం బలపడుతుంది, సువార్త మాత్రం "తర్వాత" దగ్గరే ఆగిపోతుంది. పైగా స్నేహం ముదిరేకొద్దీ చెప్పడం ఇంకా కష్టం, పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉంటుంది కాబట్టి.

ఫిలిప్పు ఐతియొపీయుడితో ఎన్నాళ్లు స్నేహం చేశాడు? రథం దగ్గరికి పరుగెత్తాడు, చెప్పాడు, బాప్తిస్మమిచ్చాడు, మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం.

బెరయవాసి
బ్రదర్, అదే అధ్యాయం ఇంకోసారి నెమ్మదిగా చదవండి. ఆ మనిషి అప్పటికే యెరూషలేములో ఆరాధించి తిరిగి వస్తున్నాడు. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. ఫిలిప్పు ప్రసంగంతో మొదలుపెట్టలేదు, "చదువుతున్నది అర్థమవుతోందా" అని అడిగాడు. "ఎక్కి కూర్చో" అని ఆయనే బతిమాలుకున్నాడు. అపరిచితుడితో కూడా ముందు ప్రశ్న, తర్వాత ఆహ్వానం, ఆ తర్వాతే మాట. అంటే మీ పని తప్పని కాదు. మీరు చూపిన ఉదాహరణలోనూ గౌరవం ముందు నడిచింది అంటున్నాను, అంతే.

మిగతా చోట్ల ఎక్కువగా కనిపించేది తెలిసినవాళ్ల దారే. అంద్రెయ మొదట వెతికింది తన సొంత అన్నదమ్ముణ్ని. ఫిలిప్పు (ఇతను అపొస్తలుడు, వేరే ఫిలిప్పు) నతనయేలు దగ్గరికి పోయాడు. లేవి తన ఇంట్లో విందు చేస్తే పంక్తి నిండా అతని తోటి సుంకరులే. రోమా శతాధిపతి కొర్నేలి, పేతురు వచ్చేలోగా బంధువుల్నీ దగ్గరి స్నేహితుల్నీ పిలిపించి ఇల్లు నింపాడు. వీళ్లెవరూ సువార్త కోసమని స్నేహాలు కొత్తగా మొదలుపెట్టలేదు. స్నేహాలు ముందే ఉన్నాయి, చెప్పదగ్గ వార్త తర్వాత వచ్చింది. ఆవగింజ సిస్టర్ ఇబ్బందికి నాకు కనిపించే సమాధానం ఈ వరసలోనే ఉంది. ఆ స్నేహితురాలు మీకు కాగితం కంటే ముందే ఉన్నారు.

లూదియ
బెరయవాసి గారు చెప్పింది బాగుంది. నాకైతే అసలు మాటలే అవసరం లేదనిపిస్తుంది. అస్సీసీ ఫ్రాన్సిస్ చెప్పలేదా, "ఎప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతే మాటలు వాడండి" అని. మన బతుకే సాక్ష్యం.

బెరయవాసి
అక్కా, ఆ వాక్యం ఆయన రాతల్లో ఎక్కడా లేదు. ఆయన 1226లో చనిపోయారు. ఈ మాట ఆయన పేరు మీద చెలామణి కావడం చాలా శతాబ్దాల తర్వాత సంగతి. దానికి కాస్త దగ్గరగా ఉన్నది ఆయన 1221 నాటి నియమావళిలో 17వ అధ్యాయంలో ఉంది: సోదరులందరూ తమ పనుల ద్వారా ప్రకటించాలి అని. కానీ ఆ అధ్యాయమే ప్రసంగించేవాళ్ల గురించి, ఆయన కూడా ఊరూరా తిరిగి నోటితో బోధించినవాడే.

మాట పూర్తిగా మానేస్తే ఇంకో చిక్కు. మీరు మంచివాళ్లని అవతలివాళ్లు అనుకుంటారు. పొగడ్త మీ ఖాతాలోకే వస్తుంది.

లూదియ
హహ, సరే. నా వాట్సాప్ స్టేటస్ మార్చుకోవాలి.

తోమా_తమ్ముడు
నేను క్రైస్తవుణ్ని కాదు. నా పేరు చూసి చాలామంది పొరబడతారు, అనుమానం ఎక్కువని కాలేజీలో పెట్టిన పేరు అది. ఈ వేదికలో ఎక్కువగా చదివి ఊరుకుంటాను. ఇక్కడ మాత్రం రాయక తప్పట్లేదు, ఎందుకంటే మీ కాగితాల మీద ఉండే పేర్లు నాలాంటివాళ్లవే.

ఆఫీసులో ఒకతను నాతో చాలా దగ్గరగా ఉండేవాడు. కలిసి టీ తాగేవాళ్లం, బైక్ రిపేరుకు ఇస్తే తనే దింపేవాడు. కొన్నాళ్లకు వాళ్ల మీటింగుకు రమ్మన్నాడు, వెళ్లాను. మళ్లీ రమ్మన్నాడు, వెళ్లాను. మూడోసారి "నాకు పెద్దగా ఆసక్తి లేదు, ఏమనుకోకు" అన్నాను. ఏమీ అనుకోలేదు, చాలా మర్యాదగా తల ఊపాడు. ఆ తర్వాత టీకి పిలవడం మానేశాడు. గొడవేమీ లేదు, కనిపిస్తే నవ్వేవాడు. కొన్నాళ్లకు కొత్తగా చేరిన కుర్రాడితో టీ తాగుతూ కనిపించాడు. అప్పుడు అర్థమైంది నాకు నా స్థానం.

ఇంకొకతను కూడా క్రైస్తవుడే. మా నాన్నను ఆస్పత్రిలో చేర్చినప్పుడు వచ్చాడు. "నాన్నగారి కోసం ప్రార్థన చేయనా? ఇక్కడ వద్దంటే ఇంటికెళ్లి చేసుకుంటాను" అని అడిగాడు. ఇంటికెళ్లి చేసుకో అన్నాను, కాస్త కటువుగానే. "సరే" అని నా చేతిలో మందుల చీటీ తీసుకుని కింద మెడికల్ షాపుకి వెళ్లాడు. మందులు తెచ్చాడు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు, రాత్రంతా ఉన్నాడు. ఇప్పటికీ నేను నమ్మను, అతనికి తెలుసు. వాదించుకుంటాం కూడా. అతను బైబిలు గురించి ఏదైనా చెబితే వింటాను. మొదటి అతను ఈరోజు ఫోన్ చేసి అదే మాట చెబితే వినను.

ఆవగింజ
తమ్ముడూ, రాసినందుకు చాలా థాంక్స్. పై పోస్టు ప్రింటు తీసి మా శిక్షణలో చదివి వినిపించొచ్చా? ఏ వివరమూ మీదని తెలియకుండా.

తోమా_తమ్ముడు
నిరభ్యంతరంగా.

పాత_కాపరి
చాలాకాలం సంఘ సేవ చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. ఈ చర్చలో మార్కు 10వ అధ్యాయం ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నాను. ఆస్తిపరుడైన ఆ యువకుడు వచ్చి నిత్యజీవం గురించి అడిగినప్పుడు, యేసు అతన్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. ఆస్తి అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మనే షరతు చెప్పకముందే ప్రేమించాడు. అతను ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు వెనకాల పరుగెత్తలేదు, షరతు తగ్గించలేదు, తిట్టలేదు. కాదనే హక్కు అతనికి ఉంచాడు. తోమా తమ్ముడి మొదటి స్నేహితుడి దగ్గర లోపించింది ఇదే. తమ్ముడు కాదన్నాడు, స్నేహం ఆగిపోయింది. అంటే ఆ స్నేహం ధర తర్వాత బయటపడిందన్నమాట.

శిక్షణ ఇచ్చేవాళ్లు పక్కన పెట్టకూడని పత్రం ఒకటుంది. 2011లో పోపుగారి సర్వమత సంభాషణ మండలి, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, వరల్డ్ ఎవాంజెలికల్ అలయన్స్ కలిసి క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో కొన్ని సూత్రాలు ప్రకటించాయి. ఈ ముగ్గురూ ఒక కాగితం మీద ఒప్పుకోవడమే పెద్ద విశేషం. అందులో రెండు మాటలు మనకు సూటిగా తగులుతాయి. సేవ పేరుతో ప్రలోభాలు పెట్టకూడదు. మతం మారడం పెద్ద నిర్ణయం కాబట్టి ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం, పూర్తి స్వేచ్ఛ ఆ మనిషికి ఉండాలి.

దీన్నిబట్టి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మీ కింద పనిచేసేవాళ్లు, మీ దగ్గర చదువుకునేవాళ్లు, మీ చికిత్సలో ఉన్నవాళ్లు, మీరు అప్పిచ్చినవాళ్లు, వీళ్ల దగ్గర స్నేహం పేరుతో సువార్త చెప్పేటప్పుడు పదింతలు జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు మీతో "వద్దు" అనలేరు. అనలేనివాడు ఊ కొట్టినా అది ఊ కాదు. వాళ్లంతట వాళ్లు అడిగితే జవాబు చెప్పండి, అదీ 1 పేతురు 3:15లో ఉన్నట్టు "సాత్వికముతోను భయముతోను". ఆ వచనంలో అడిగేవాడికి సమాధానం చెప్పమనే ఉంది.

తోమా_తమ్ముడు
అయ్యగారూ, ఒక అనుమానం. ఆస్పత్రులు, బడులు పెట్టి సేవ చేసి, ఆ కృతజ్ఞతతో మనుషుల్ని తిప్పుకున్నారనే విమర్శ పాతదే కదా. అది స్నేహమా, ప్రలోభమా?

పాత_కాపరి
మంచి ప్రశ్న. మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాలుకు వచ్చాడు. మొదటి బాప్తిస్మం 1800 డిసెంబరులో, కృష్ణ పాల్ అనే వడ్రంగికి. అతను పడి భుజం కీలు తప్పితే డాక్టర్ జాన్ థామస్ సరిచేశాడు, మాటలు అక్కడ ముదిరాయి. దాన్ని ప్రలోభం అనొచ్చా? నా కొలబద్ద చెబుతాను. వినను అన్నవాడి భుజాన్ని కూడా అదే శ్రద్ధతో సరిచేస్తావా? చేస్తే సేవ. చేయకపోతే నువ్వన్నదే నిజం. చరిత్రలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు, రెండోవాళ్లను సమర్థించే ఉద్దేశం నాకు లేదు.

లెక్కల_మాస్టారు
కొంచెం పొడిగా మాట్లాడతాను, క్షమించాలి. 1965లో జాన్ లాఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక చిన్న కొత్త మత బృందాన్ని దగ్గరగా గమనించి ఒక వ్యాసం ప్రచురించారు. అందులో తేలింది ఏమిటంటే, మనుషులు ముందు సిద్ధాంతాన్ని ఒప్పుకుని ఆ తర్వాత బృందంలో చేరడం కన్నా, ముందు లోపలివాళ్లతో అనుబంధం పెరిగి, ఆ తర్వాత సిద్ధాంతం వైపు రావడం ఎక్కువ. బయటివాళ్లతో బంధాలు బలంగా ఉన్నవాళ్లు సాధారణంగా చేరలేదు. తర్వాత స్టార్క్ తొలి శతాబ్దాల క్రైస్తవ్యం వ్యాప్తికి కూడా ఇదే కోణం వర్తింపజేశాడు.

దీన్ని చాలామంది శిక్షకులు సంబరంగా చెబుతారు. వాళ్లు చెప్పనిది ఇంకోటుంది. ఆ వ్యాసం గమనించింది మనలో ఎక్కువమంది తప్పుదారి అనే బృందాన్ని. అనుబంధం మనుషుల్ని దేనివైపైనా లాగుతుంది, నిజం వైపూ, అబద్ధం వైపూ. కాబట్టి "స్నేహంతో వచ్చాడు" అనేది మన సందేశం నిజమనడానికి రుజువు కాదు. ఇంత బలమైన పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు కాపరి గారు చెప్పిన జాగ్రత్తలు అలంకారం కోసం కావు.

ఇంకో మాట. కొత్త విశ్వాసులకు బయటి స్నేహాలు ఎక్కువ. రెండు మూడేళ్లలో ఆదివారం ఆరాధన, బుధవారం కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యూత్ మీటింగ్. ఇక బయటివాళ్లకు సమయమెక్కడ? అప్పుడు సంఘం "స్నేహితుల పేర్లు రాయండి" అంటే తల గోక్కుంటాం. పేర్లు రాయమనే ముందు ఒక కూటం రద్దు చేయండి అని నా సలహా. మా సంఘంలో ఈ సలహా ఇచ్చి ఏం విన్నానో ఇక్కడ రాయను.

రోడ్డు_సాక్షి
మాస్టారి చివరి మాటకు ఆమెన్.

కొత్తచిగురు
అందరికీ ప్రైజ్ ద లార్డ్. నేను ఈ మధ్యే బాప్తిస్మం తీసుకున్నాను. పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నాను, ఏమనుకోవద్దు. నాకు సువార్త చెప్పిన అక్క నమ్మకముందు రోజూ ఫోన్ చేసేది. బాప్తిస్మం అయ్యాక ఆ అక్కకు వేరే పేర్లు వచ్చాయి. తను బిజీ. నాకు ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడని రోజులవి. తను చెడ్డది కాదు, ఇప్పుడు కూడా కనిపిస్తే కౌగిలించుకుంటుంది. కానీ అసలు మనిషి కావలసింది అప్పుడే.

పాత_కాపరి
అమ్మా, నువ్వు మాట్లాడాల్సిందే. ఇంటివాళ్లతో సంబంధం తెంచుకోమని ఎవరైనా చెబితే వినకు. గెరాసేనుల దేశంలో దయ్యాలు వదిలి బాగుపడిన మనిషి యేసుతోపాటు వస్తానని బతిమాలాడు. ఆయన వద్దన్నాడు, "నీ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లు" అన్నాడు. పౌలు థెస్సలొనీకయులకు రాస్తూ, సువార్త ఒక్కటే కాదు, మా ప్రాణాలు కూడా మీకివ్వడానికి సిద్ధపడ్డాం అంటాడు, మొదటి పత్రిక 2:8. అది అప్పటికే నమ్మినవాళ్లకు రాసిన ఉత్తరం. బాప్తిస్మం రోజుతో స్నేహం పని అయిపోయిందనుకునేవాళ్లు ఆ వచనం చదవాలి. మీ సంఘంలో పెద్దవయసు స్త్రీలు ఎవరైనా ఉంటే నీ అంతట నువ్వే వాళ్లింటికి వెళ్లు, పిలుపు కోసం ఎదురుచూడకు.

లూదియ
కొత్తచిగురు, నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు తల్లీ.

మోడరేటర్
ఫోన్ నంబర్లు, చిరునామాలు బహిరంగంగా పెట్టవద్దు. చర్చ మర్యాదగా సాగుతోంది, ఇలాగే ఉంచండి.

గుడారాల_పని
ఆలస్యంగా వచ్చాను. ఉద్యోగం చేసుకుంటూ సాక్ష్యమివ్వాలనుకునేవాణ్ని, పౌలు చేసిన పని మీద అభిమానంతో పెట్టుకున్న పేరిది. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి గుడారాలు కుడుతూ ఏడాదిన్నర ఉన్నాడాయన. తర్వాత అదే భార్యాభర్తలు, అపొల్లో అనే బోధకుడు తక్కువగా తెలుసుకుని బోధిస్తుంటే సభలో నిలదీయలేదు, చేర్చుకుని విడిగా వివరించారు. రోమా పత్రిక 16వ అధ్యాయం చూడండి. తానింకా అడుగుపెట్టని నగరంలో 20 మందికి పైగా పేరుపేరునా వందనాలు చెబుతాడు. ఫలానావిడ నాకు కూడా తల్లే అంటాడు. ఆ జాబితాకూ మన నెలాఖరు జాబితాకూ తేడా చూడండి. అక్కడ పేరు పక్కన రాసింది వాళ్లు తనకు ఏం చేశారు, ఎంత కష్టపడ్డారు అనే.

ఆవగింజ సిస్టర్, ఆచరణలో నాకు పనికొచ్చినవి చెబుతాను. నమ్మకాన్ని దాచిపెట్టి తర్వాత ఒకరోజు తీయకండి. "ఆదివారం పొద్దున కుదరదు, చర్చి ఉంది" అని మొదటి వారమే మామూలుగా అనేయండి. అప్పుడు దాగిన ఉద్దేశం అంటూ ఏదీ ఉండదు, మీ లోపల నడిచే ఆ లెక్క కూడా సగం తగ్గుతుంది. కష్టంలో ఉన్నవాళ్ల ముందు ప్రార్థన చేయాలంటే అడిగి చేయండి, తోమా గారి రెండో స్నేహితుడిలాగా. వద్దంటే ముఖం మాడ్చుకోకూడదు.

అన్నిటికన్నా మనవాళ్లు మర్చిపోయేది, పుచ్చుకోవడం. మనం ఎప్పుడూ ఇచ్చేవాళ్లం, అవతలివాళ్లు ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లు అన్నట్టుంటుంది మన తీరు. యేసు సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టింది "నాకు నీళ్లివ్వు" అని. జక్కయ్యతో "నీ ఇంట్లో నేనుండాలి" అన్నాడు. శిష్యుల్ని పంపుతూ, మిమ్మల్ని చేర్చుకున్న ఇంట్లోనే ఉండండి, వాళ్లు పెట్టింది తినండి, ఇల్లు మారకండి అన్నాడు. నిజంగా అవసరమున్నప్పుడు మీ స్నేహితురాలి సహాయం అడగండి. మీ పిల్లవాడికి లెక్కలు రాకపోతే, ఆవిడకు వస్తే, నేర్పమనండి. మీకు దిగులుగా ఉంటే ఆవిడతో చెప్పుకోండి. ఆవిడ మీకు ఏదో ఇవ్వగలిగితేనే ఇద్దరూ సమానం.

ఆవగింజ
ఆవిడకు లెక్కలు నిజంగానే బాగా వచ్చు, మా వాడికి అస్సలు రావు. మీకెలా తెలిసింది! నెలాఖరు రిపోర్టు సంగతి లీడరుతో మాట్లాడాను. "పేర్లు మీ దగ్గరే ఉంచుకోండి, ప్రార్థన అంశాలు మాత్రం చెప్పండి" అన్నారు. మిగతావాళ్ల విషయంలో రిపోర్టు కొనసాగుతుందట. అది ఇంకో మీటింగులో తేల్చుకోవాలి.

రోడ్డు_సాక్షి
తోమా బ్రదర్, మీరు ముక్కుసూటిగా మాట్లాడతారు కాబట్టి అడుగుతున్నాను. మాలాంటివాళ్లు బస్టాండులో కరపత్రం చేతిలో పెడితే మీకు నిజంగా ఏమనిపిస్తుంది?

తోమా_తమ్ముడు
నిజం చెప్పనా? మీరే నయం. మీరేమిటో, మీకేం కావాలో చూడగానే తెలిసిపోతుంది. ఇచ్చి వెళ్లిపోతారు, వారం తర్వాత "చదివావా" అని అడగరు. బస్సు లేటయితే చదువుతాను కూడా. చేతిలో కుక్కేవాళ్లంటేనే చిరాకు.

రోడ్డు_సాక్షి
నేనలా చేతిలో కుక్కేవాణ్ని కాదు బ్రదర్, చాస్తాను. తీసుకుంటే సంతోషం.

తోమా_తమ్ముడు
అయితే పేచీ లేదు. ఇంతకీ పైన బెరయవాసి గారు నతనయేలు పేరు ఎత్తారు కదా, నిన్న ఆ భాగం చదివాను. అతను "నజరేతులోనుంచి మంచిదేదైనా రాగలదా" అని వెక్కిరిస్తే, ఫిలిప్పు ఒక్క ముక్క కూడా వాదించకుండా "వచ్చి చూడు" అని ఊరుకున్నాడేం? జవాబు లేకనా?

బెరయవాసి
దానికి ఇక్కడ చోటు చాలదు తమ్ముడూ. యోహాను సువార్త విభాగంలో కొత్త థ్రెడ్ తెరవండి, ఈ సాయంత్రం వస్తాను. అక్కడ అంజూరపు చెట్టు సంగతి కూడా ఉంది, అది మీకు నచ్చుతుంది.